మింగేసిన మాట

బల్ల మధ్యలోని పసుపు దీపం వెలిగింది. గదిలో ఉన్నవాళ్లంతా మాట ఆపి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఎవరో ఏదో చెప్పబోయి ఆగిపోయారు," అంది డాక్టర్ వకుళ.

కాకినాడ తీరంలోని ఆ కర్మాగారంలో హైడ్రోజన్‌ని ఓడల్లోకి నింపుతారు. పనిచేసేచోట మనుషుల మనసులు ఎలా నడుస్తాయో అధ్యయనం చేసే సైకాలజిస్టు వకుళ. యంత్రం చెడకముందే ఎవరో ఒకరికి అనుమానం వస్తుందనీ, వాళ్లు నోరు మెదపకపోవడమే అసలు ప్రమాదమనీ ఆమె నమ్మకం. ఆమె తయారుచేసిన సెన్సర్ మాటల్ని రికార్డు చెయ్యదు. మాట్లాడబోయే మనిషి చిన్నగా ఊపిరి పీలుస్తాడు, గొంతు కండరాలు బిగుస్తాయి. ఆ తర్వాత మాట రాకపోతే దీపం వెలుగుతుంది. ఎవరన్నది మాత్రం దానికి తెలియదు.

అందరి చూపూ కొత్తగా చేరిన షిఫ్ట్ ఇంజనీరు ఫర్జానా మీదికి వెళ్లింది.

"నేను కాదండీ!" అంది ఆమె కంగారుగా.

"తొందరేం లేదు. ఎవరైనా చెప్పొచ్చు," అంది వకుళ.

ప్లాంట్ హెడ్ నాగభూషణం చెయ్యెత్తాడు. "నేనేనమ్మా. నాలుగో ట్యాంకు వాల్వు మీద పొద్దుట్నుంచీ అనుమానంగానే ఉంది. అవతల ఓడ ఆగి ఉంది. ఇప్పుడు ఆపమంటే హెడ్డాఫీసు వాళ్లు నన్ను పిరికివాడంటారని..."

నింపడం ఆపించారు. వాల్వు విప్పితే లోపలి సీల్ నిలువునా చీలి ఉంది. ఇంకాసేపు నింపి ఉంటే హైడ్రోజన్ లీకై మంటలు లేచేవి; ఓడ పక్కన జెట్టీ నిండా మనుషులు పనిచేసుకుంటున్నారు.

ఫర్జానా గోడకి చేరగిలబడింది. "ఆ ట్యాంకు ప్రెషర్ గేజి ముల్లు ఊగడం నేనూ చూశాను సార్. మీరేమీ అనలేదు కదాని నోరు తెరవాలని కూడా అనుకోలేదు."

ఆ మర్నాటి నుంచి నాగభూషణం ప్రతి మీటింగునీ తన సందేహంతోనే మొదలుపెట్టేవాడు. పెద్దాయనే బయటపడ్డాక మిగతావాళ్లకి మొహమాటమెందుకు? ఏడాది తిరిగేసరికి దీపం వెలగడమే అరుదైపోయింది.

అప్పుడు వకుళ సెన్సర్ కొత్త మోడల్‌తో వచ్చింది. వెంట హెడ్డాఫీసు డైరెక్టర్ చక్రధర్ కూడా వచ్చాడు.

"ఈసారి ఎవరు వెనకాడారో పేరు స్క్రీన్ మీద పడుతుంది. వాళ్లకి మనం ధైర్యం చెప్పొచ్చు," అంది వకుళ ఉత్సాహంగా.

"వద్దు మేడం," అంది ఫర్జానా. "పేరు పడుతుందంటే ఊపిరి కూడా చూసుకుని పీలుస్తాం. ఆ రోజు సార్ పేరు పడి ఉంటే ఒప్పుకునేవారా?"

"ఒప్పుకునేవాణ్ణి కాదు," అన్నాడు నాగభూషణం. "ఇంకోమాటమ్మా, ఏమనుకోకు. పాతది కూడా మాకిక అక్కర్లేదు. తీసుకెళ్లిపో."

వకుళ మొహం ఎర్రబడింది. ఎన్నేళ్ల కష్టం! గట్టిగా కోప్పడాలనుకుని గదంతా చూసింది. డైరెక్టర్ ఎదురుగానే అందరూ నాగభూషణం మాటకి అవునన్నట్టు తలలూపుతున్నారు. ఊపేముందు ఎవరూ పక్కవాళ్ల వైపు చూడలేదు.

"వీళ్ల మాటకేంగానీ డాక్టర్‌గారూ, కొత్తదానికి ఆర్డర్ ఇచ్చేద్దామా?" అన్నాడు చక్రధర్.

"వద్దండీ. వీళ్లు వద్దన్నారు కదా," అంది వకుళ. ఆ మాట అంటుంటే ఆమెకి బాధా, గర్వమూ ఒకేసారి కలిగాయి. బల్లకి బిగించిన పాత దీపం మీద చెయ్యి వేసి ఫర్జానా వైపు తిరిగి, "ఒక స్క్రూడ్రైవర్ ఇప్పిస్తావా?" అని అడిగింది.