సెగెద్ నుంచి వచ్చిన డాక్టరు

"ఎస్ అంటే ష. ఎస్, జెడ్ కలిస్తే స. ఎన్నిసార్లు చెప్పాలి మార్కూ?" చీఫ్ పూర్ణచంద్రరావు బల్ల గుద్దాడు.

తెనాలిలో లాడ్జి గది. ఏజెంట్ మార్కు మూడు వారాలుగా హంగరీ ఊళ్ళ పేర్లు నమిలి ఉమ్ముతున్నాడు.

"పలికినట్టే రాసుకుంటే వాళ్ళ సొమ్మేం పోయిందండి?"

"మన పదకొండుమంది ఏజెంట్ల లిస్టు ఆ హంగరీ గూఢచారి గాబోర్ దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఉంది. అది దేశం దాటితే పదకొండు శవాలు. తీసుకోవడానికొచ్చిన కొరియర్ని బాపట్ల స్టేషన్లో పట్టుకున్నాం. వాడి బదులు నువ్వు. సెగెద్‌లో పదేళ్ళున్న డాక్టరువి. ఐదు ఊళ్ళు వరసగా చెప్పడమే కోడ్. తప్పితే రేపు పన్నెండుకి గాబోర్ పడవెక్కుతాడు."

"లోపల మనవాళ్ళెవరన్నా?"

"ఇలోనా. డబుల్ ఏజెంట్. ఎవరి మనిషో నాకే తెలీదు."

సూర్యలంక. బీచ్ కాటేజీ. పదకొండూ యాభై.

గాబోర్ పక్కన ఇలోనా. నల్లకళ్ళద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్. బయట పడవ ఇంజను మోగుతోంది.

మార్కు లేచాడు. "సెగెద్. పేచ్. ద్యోర్. కెచ్కెమేత్. సేకెష్‌ఫెహేర్‌వార్."

ఒక్క అక్షరం జారలేదు. గాబోర్ మాత్రం అతని ఛాతీవైపే చూస్తున్నాడు.

మార్కు కిందకి చూసుకున్నాడు. చేతులు కట్టుకుని ఉన్నాడు. మడమలు కలిపి మరీ. సండేస్కూల్లో కంఠత వాక్యం అప్పజెప్పినట్టు. మూడు వారాలు నాలుకనే దిద్దారు. చేతుల సంగతి ఒక్కడికీ తోచలేదు.

"మా దేశంలో పదేళ్ళున్నవాడు ఇలా నిలబడతాడా?" ఇంగ్లీషులో అడిగి పిస్టల్ తీశాడు గాబోర్.

ఇలోనా నవ్వింది. అచ్చ తెలుగులో అడిగింది.

"ఏ చర్చి అన్నయ్యా?"

"రేపల్లె."

"మాది బాపట్ల. సండేస్కూలు టీచరు దానమ్మగారమ్మాయి బ్లెస్సీని. తప్పితే చెవి మెలేసేవారు కదూ?"

"ఇప్పుడా ఆ ముచ్చట్లు?"

"ఎవరి పక్కన నిలబడాలో ఇంతసేపూ తేల్చుకోలేకపోయాను."

లిప్‌స్టిక్ మూత తిప్పింది. బుస్సుమని స్ప్రే. గాబోర్ కళ్ళు మూసుకుని అరిచాడు. గుండు పైకప్పులో దిగింది. మార్కు పిస్టల్ తన్నేసి, అతని జేబులోంచి పెన్‌డ్రైవ్ లాగాడు. పన్నెండుకి అర నిమిషం. పడవ ఎవరికోసమూ ఆగకుండా పోయింది.

ఫోన్లో చీఫ్. "పదకొండుమందీ బతికారు. పేర్లు సరిగ్గా పలికావా?"

"పలికానండి. ఎవడూ వినలేదు."