ఎముకబిళ్ళకు పట్టిన కంపు

కాకినాడకు ఎదురుగా, సముద్రం అడుగున కట్టిన మత్స్యపురిలో గాలి అందరికీ ఒక్కటే. ఒకరింట్లో ఉల్లిపాయ వేగితే ఊరంతటికీ ఆకలేస్తుంది. అలాంటి చోట మనిషి ఒంటి మీంచి కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడితే ఎవరూరుకుంటారు?

డాక్టర్ వకుళకు వచ్చిన చిక్కు అదే. లోతుల్లో పనిచేసే డైవర్లకు ఒత్తిడి మార్పుల వల్ల రక్తం అందక తుంటి ఎముక లోలోపలే చచ్చిపోతుంది. దానికి విరుగుడుగా ఆమె ఎముకబిళ్ళ కనిపెట్టింది. తుంటికి అంటించుకుంటే, వెంట్రుక కంటే సన్నని సూదుల గుండా, కుళ్ళిన గుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను లోపలికి పంపుతుంది. ఎక్కువైతే అది ప్రాణం తీసే విషవాయువు. వీసమెత్తు మోతాదులో కొత్త రక్తనాళాలను మొలిపించి ఎముకను బతికిస్తుంది.

డైవర్ మైలపల్లి నూకరాజు దాన్ని పీకేసి వచ్చాడు.

"క్యాంటీన్లో నా పక్కనెవుడూ కూకోడం నేదమ్మగోరూ. ముక్కులు మూసుకుంతన్నారు."

వకుళ పంతం పట్టింది. ఏళ్ళ తరబడి కుస్తీ పట్టి బిళ్ళకు 'వాసనతాళం' అనే పూత వేసింది. వాయువు ఎముకకు చేరుతుంది, వాసన బయటికి రాదు. డైవర్లందరికీ పంచి, అమ్మయ్య అనుకుంది.

వారం తిరక్కుండానే నూకరాజు కుంటుకుంటూ వచ్చాడు. బిళ్ళ చేతిలో ఉంది.

"మళ్ళీ పీకావా! ఇప్పుడేమొచ్చింది?"

"వాసనేదమ్మగోరూ? ఘాటు నేని మందు మందేటి? లోపల గేసు అయిపోనాదనుకున్నాను."

వకుళకు ఒళ్ళు మండిపోయింది. ఈలోగా విశ్వం అనే ల్యాబ్ యంత్రం అతని స్కాన్ చూసి చెప్పింది: "ఎముక కూలడానికి సిద్ధంగా ఉంది. ఇంకోసారి పీకితే ఈయన మళ్ళీ సముద్రంలోకి దిగలేరు."

వకుళ కోపం దిగమింగింది. కొత్త బిళ్ళ తీసి, దాని పైన ఉత్త గుడ్డు కంపు ఒక్క చుక్క అద్దింది.

నూకరాజు వాసన చూశాడు. "అద్గదీ, మందంటే!"

నెలలు గడిచాయి. ఎముక నిలబడింది. నూకరాజు కుంటకుండా నడిచొచ్చిన రోజు వకుళకు ఏడుపాగలేదు.

అంతలో తలుపు దగ్గర గోల మొదలైంది. క్యాంటీన్లో ముక్కులు మూసుకున్న డైవర్లే, బిళ్ళలు పీకి చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

"ఆడికి అసలుది ఇచ్చి మాకు నకిలీవి అంటగట్టినారేటండీ? మాయి కంపే కొట్టడం నేదు!"

విశ్వం నెమ్మదిగా అడిగింది. "డాక్టర్, ఏం చెయ్యమంటారు?"

"అందరికీ అద్దు," అంది వకుళ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటూ. "అద్దాక, మనం ముక్కుతాళం కనిపెట్టాలి."