పొర లేని అరచెయ్యి

మధ్యాహ్నపు ఎండ హెచ్చరిక గంట మోగేసరికి చినగంజాం వీధులన్నీ ఖాళీ అయ్యాయి. ఆదివారపు ఆరాధన అప్పుడే ముగిసింది. మందిరంలో పొరయంత్రం గొట్టం తుడుస్తున్న కెజియా కిటికీలోంచి చూసి నిలబడిపోయింది. ఎదురుగా తమ ఇంటి అరుగు మీద, మండుటెండలో, తల్లి సువార్తమ్మ కూర్చుని కుడి అరచేతి మీది ఎండపొరను గోటితో ఒలుచుకుంటోంది.

ఎండపొర అంటే ఒంటి మీద పిచికారీ చేసే కవచం. కంటికి కనిపించదు, ఎండను లోపలికి రానివ్వదు, పైకి ఎప్పుడూ ఒకే వెచ్చదనం. నీడలో చర్మాన్ని వదలదు. ఎండలో ఉబ్బినప్పుడే అంచు లేస్తుంది. దేహం దేవుడి ఇల్లు, మనం గృహనిర్వాహకులం మాత్రమే అని పాస్టరు అయ్యగారు బోధించాక, వారం వారం పొర వేయించుకోనివారికి బల్ల లేదు. అంటే రొట్టె, ద్రాక్షరసం అందవు. పొర వేసే సేవ కెజియాది. గృహనిర్వాహకత్వం అనే ఆ పెద్ద మాట ఆమెకు నోరు తిరిగేలా నేర్పింది సువార్తమ్మే.

కెజియా పరుగున వెళ్ళి తల్లిని నీడలోకి లాగింది. అరచెయ్యి బొబ్బలెక్కి ఉంది. కిందటేడు ఆ చేతి మణికట్టు మీదే పుండు కోసి తీసిన డాక్టరు, మళ్ళీ కాలితే ప్రాణానికే ముప్పని చెప్పాడు.

"మతి పోయిందా అమ్మా? పొద్దున నేనే గదా వేశా."

"వేశావు. బాగానే వేశావు."

"అయ్యగారు చూస్తే బల్ల ఆపేస్తారు. డాక్టరు చెప్పింది గూడా మర్చిపోయావా?"

"మర్చిపోలా. మీ నాన్న పోయిన రోజూ మర్చిపోలా."

ఉప్పు కొటార్లలో పనిచేసిన తండ్రి మంచంలోనే ప్రశాంతంగా పోయాడు. ఆయన చెయ్యి పట్టుకుని సువార్తమ్మ పాటలు పాడుతూనే ఉంది. ఎంత విశ్వాసమో అని సంఘమంతా పొగిడింది.

"విశ్వాసమూ లేదు పాడూ లేదు," అంది సువార్తమ్మ. "ఆయన ఎప్పుడు పోయాడో నాకు తెలవలా. పొర మీద చెయ్యి వెచ్చగానే ఉంది. నిద్రపోతన్నాడని పాడతానే ఉన్నా, డాక్టరొచ్చి చెప్పిందాకా."

కెజియాకు దుఃఖం ముంచుకొచ్చింది. పొర తయారుచేసినవాళ్ళు ఎండ గురించీ పుళ్ళ గురించీ ఆలోచించారు. ఇది వాళ్ళకెలా తడుతుంది?

"ఇల్లు కాపాడమన్నాడు దేవుడు. తలుపులకి మేకులు కొట్టమన్లా," అంటూ తల్లి ఆమె చెయ్యి పట్టుకుంది. "చూడు, నాది ఒలిచినా నీకు పొరుంది. ఇది నీదో ఇంకెవరిదో నా చేతికి తెలవట్లా. నేను పోయేటప్పుడు నువ్వున్నావని నాకెట్టా తెలిసేది?"

ఏది కాపాడటమో ఏది పాడుచేయటమో కెజియాకు తోచలేదు. లోలోపల ప్రార్థించింది. తల్లి చేతికి తడిగుడ్డ చుట్టి, అరుగు అంచుకు వెళ్ళి తన అరచెయ్యి ఎండలోకి చాపింది.

మందిరం కిటికీలోంచి అయ్యగారు పిలిచారు. "చెయ్యి లోపలికి తియ్యమ్మా కెజియా."

ఆమె తియ్యలేదు. పొర ఉబ్బి అంచు లేచాక, ఒలిచేసి, నీడలోకి వచ్చి తడిగుడ్డ తప్పించి తల్లి చెయ్యి పట్టుకుంది.

సువార్తమ్మ కళ్ళు మూసుకుంది. "ఆఁ. నువ్వే."

కెజియా అరచెయ్యి మండుతోంది. ఆ మంట తనదో తల్లిదో ఆమెకు తెలియలేదు.