సిగ్నల్ నిలబడిన చోటు

పామిడి నుంచి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే, చెట్టూ చేమా లేని ఎర్రనేలలో కిరణ్ ఇల్లు. ముందు గదిలోని రౌటరు మూడు గోడలు దాటేసరికి చేతులెత్తేసేది. కిరణ్ మాత్రం ఎత్తే రకం కాదు. అనంతపురం పోయి రెండో రౌటరు కొనుక్కొచ్చి, ఫోన్లో వీడియోలు చూస్తూ పొద్దుటి నుంచి దాని ముందు బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు.

పెళ్ళై ఎనిమిది నెలలే. భార్య ప్రశాంతిది ఇంటి నుంచి చేసుకునే కంపెనీ ఉద్యోగం. ఇంట్లో అమ్మ టీవీ, వచ్చేపోయే చుట్టాలు. అందుకే పెరట్లో ఉన్న పాత మోటారు షెడ్డుకు సున్నం కొట్టించి ఆమెకు ఆఫీసు చేశాడు. ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు కంపెనీవాళ్ళు వీడియోలో గంటసేపు పని చేయించి చూస్తారు. లైను ఒక్కసారి తెగినా సోమవారం ఆమె బెంగుళూరు ఆఫీసుకు మారిపోవాలి. ఆ మాట తలుచుకుంటేనే కిరణ్‌కు అన్నం సయించడం లేదు.

రెండూ కొట్టుకోకుండా కొత్త రౌటరుకు ఐపీ నంబరు మార్చాడు. ఫోన్లకూ లాప్‌టాప్‌కూ నంబర్లు పంచిపెట్టే పెత్తనం పాతదానికే వదిలి, కొత్తదాంట్లో ఆపేశాడు. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టాడు. ఇక వైరు ఒక్కటే మిగిలింది. ఇంటి నుంచి షెడ్డు దాకా నేలలో పాత నీళ్ళ పైపు ఒకటుంది. ఎప్పుడో ఎండిపోయిన బోరుదని అతను విన్నాడు. వైరు అందులో దూర్చబోతుంటే తల్లి నారాయణమ్మ పరుగున వచ్చింది.

"దాంట్లో వద్దురా. గోడ మీద నుంచి లాక్కో."

"ఈ ఎండకు వైరు మాడిపోతాదిమా. పైపు ఊరికే పడి ఉండాది కదా!"

వైరు లోపలికి సులువుగా పోయింది. దూరుస్తున్నట్టు లేదు, అటు నుంచి ఎవరో అందుకుంటున్నట్టుంది. కిరణ్ సంతోషపడ్డాడు, పిచ్చివాడు.

కొత్త రౌటరును షెడ్డు గోడకు బిగించి, కుర్చీ ఎక్కడ వేయాలో చూడటానికి, ఫోన్ అరచేతిలో పడుకోబెట్టుకుని, చెయ్యి ముందుకు చాపి, సిగ్నల్ గీతలు చూసుకుంటూ అడుగులో అడుగేసి నడిచాడు. గది మధ్యకు వచ్చేసరికి గీతలన్నీ నిండాయి. అరచేతిలో పడుకుని ఉన్న ఫోన్ మెల్లగా లేచింది. లేచి, నిటారుగా నిలబడింది.

గుమ్మంలో నారాయణమ్మ చెంపలు వాయించుకుంది. "చెయ్యి దించురా!"

దించాడు. తల్లి నోట మాట గుసగుసగా వచ్చింది.

"బోరుకు నీళ్ళ జాడ చూసే రామదాసు ఇట్లే నడిచినాడురా, అరచేతిలో టెంకాయ పెట్టుకోని. ఈడే లేచి నిలబడింది టెంకాయ. మీ నాయన తొమ్మిది నూర్ల అడుగుల బోరు వేయించినాడు. దుమ్ము తప్ప చుక్క రాలే. నీళ్ళు పడేదాకా లేయగూడదని రామదాసును గుంత పక్కనే ఎండలో కూచోబెట్టినాడు. ఒక్క చెంబు నీళ్ళు ఇయ్యనీలే. పొద్దు గూకేసరికి కూచున్నోడు కూచున్నట్టే పోయినాడు. వడదెబ్బ అని చెప్పినాము. నీళ్ళు పడతాయని ముందే పూడ్చిన పైపు అట్లే వదిలేసి, గుంత మీద బండేసి, సిమెంటు పూసి, మోటారు షెడ్డని చెప్పి ఇది కట్టినాము."

కిరణ్‌కు తండ్రి మీద కోపం వచ్చింది. కానీ గడియారం ఒకటీ యాభై చూపిస్తోంది. గదిలో ఇంకెక్కడ పెట్టినా రెండు గీతలే. అక్కడే కుర్చీ వేశాడు. ప్రశాంతికి ఏమీ చెప్పలేదు.

రెండింటికి పని మొదలైంది. లైను ఎక్కడా తెగలేదు. వరండాలో కూర్చుని కిరణ్ ఊపిరి పీల్చుకున్నాడు. రెండున్నరకు కరెంటు పోయింది. పాత రౌటరు దీపాలు ఆరాయి. అయిపోయింది, అనుకుంటూ షెడ్డుకు పరుగెత్తాడు.

కొత్త రౌటరు కూడా ఆరిపోయి ఉంది. ప్రశాంతి మాత్రం లాప్‌టాప్ ముందు కదలకుండా కూర్చుని ఉంది. ఫోన్ తీసి చూశాడు. గీతలు నిండుగా ఉన్నాయి.

గదిలో వాసన... బోరు బండి రాతిని తొలిచేటప్పుడు లేచే దుమ్ము వాసన. గోడలో పైపు మూతి దగ్గర సన్నగా గాలి. లోపలికి... బయటికి... లోపలికి.

"కిరణ్..." అంది ప్రశాంతి. పెదవులు ఎండి చీలి ఉన్నాయి. "కాళ్ళు పైకి రావడం లేదు."

లాప్‌టాప్ తెర నల్లగా ఉంది. అందులోంచి ఎవరో మాట్లాడుతున్నారు. ముసలి గొంతు, చాలా మర్యాదగా.

"మీ మామ చెప్పిన మాటే తల్లీ. నీళ్ళు పడేదాకా లేయగూడదు."

కిరణ్ ఆమె చంకల కింద చేతులేసి లాగాడు. కదల్లేదు. మళ్ళీ లాగాడు. రాతిని లాగినట్టే ఉంది.

"అమ్మా! నీళ్ళు! నీళ్ళు తీసుకురా!" అని బయటికి అరిచి, తెరకు చేతులు జోడించాడు. "ఈ పిల్ల నీకేం చేసిందప్పా? ఇడ్సిపెట్టు."

"ఏమీ చేయలేదు నాయనా. నేను మాత్రం ఏం చేసినా? కూచోమన్నారు... కూచున్నా."

కిరణ్ వైరు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. తెగింది. గొంతు ఆగిపోయింది. పైపులో గాలి ఆగిపోయింది. అంత నిశ్శబ్దంలో అతని ఫోన్ మోగింది. కంపెనీ పంపిన మెసేజ్. పని బాగా చేశారట. ప్రశాంతి ఇక ఎప్పటికీ ఆ ఇంట్లోనే ఉండి పని చేసుకోవచ్చట.

అది తన ఫోన్‌కు ఎందుకొచ్చిందో కిరణ్‌కు తోచలేదు. ప్రశాంతి అతని వంక చూసి నవ్వింది. చీలిన పెదవి మీద నెత్తురు లేదు, ఎర్రటి పొడి ఉంది.

"నేను యాడికీ పోనులే, కిరణ్."

ఆమె కాళ్ళు పట్టుకుందామని వంగాడు. వంగినవాడు అట్లాగే ఆగిపోయాడు. ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు నాలుగూ సిమెంటులోకి దిగి ఉన్నాయి. ఒక వేలి లోతు. చుట్టూ సిమెంటు ఎక్కడా పగల్లేదు. ఆమె పాదాలు ఎక్కడున్నాయో చూసే ధైర్యం చాల్లేదు.

నారాయణమ్మ బిందెతో వచ్చేసరికి కుర్చీ రెండు వేళ్ళ లోతుకు దిగింది.