చేతిమాటల సిగ్నల్

"ఏవండీ, ఆ పెట్టె మా షాపు బోర్డుకే అడ్డంగా పెట్టాలా?"

నిచ్చెన మీదున్న టెక్నీషియన్ కిందికి చూశాడు. మెడలో టేపు, చేతిలో కత్తెరతో టైలర్ షాపు అమ్మాయి.

"వైఫై అండీ. ఈ వీధికంతా సిటీవాళ్లు ఫ్రీగా ఇస్తున్నారు."

కత్తెర కిందికి దిగింది. "వీడియో కాల్ ఆగకుండా వస్తుందా?"

"భేషుగ్గా!"

"అయితే ఉండనివ్వండి. బోర్డే జరుపుకుంటాను."

మర్నాడు చెకింగ్‌కు వచ్చేసరికి ఆమె షాపు మెట్టు మీద కూర్చుని ఉంది. ఎదురుగా ఫోన్ ఆనించి రెండు చేతులూ గాలిలో తిప్పుతోంది. నవ్వుతోంది, కసురుకుంటోంది. నోట మాత్రం మాట లేదు!

అవతల ఎవరో తెలుసుకోకపోతే అతనికి బుర్ర పగిలిపోయేలా ఉంది. సిగ్నల్ బాగానే ఉన్నా చెకింగులు ఎక్కువయ్యాయి.

"ఎవరండీ ఆ అదృష్టవంతుడు?" ఒకరోజు ఆగలేక అడిగేశాడు.

"మీ సిగ్నల్‌కీ, నా కాల్‌కీ ఏంటి సంబంధం?"

"క్వాలిటీ చెక్ అండీ!"

ఆమె ఫక్కున నవ్వింది. "మా అన్నయ్య. వేరే ఊళ్లో కార్పెంటర్. పుట్టుకతోనే వినపడదు. మెసేజ్ పెడితే ముఖం కనబడదుగా. వీడియో చేస్తే డేటా ఇట్టే అయిపోయేది."

ఆ సాయంత్రం అతను సైగల పాఠాల వీడియోలు వెతికాడు. అద్దం ముందు చేతులు తిప్పుతుంటే వాళ్లమ్మ, "ఏంట్రా, దోమలా?" అంది.

రెండు నెలలయ్యాక ఆఫీసు నుంచి ఆర్డరొచ్చింది. ఆ వీధిలో వాడకం తక్కువట, పెట్టె మెయిన్ రోడ్డుకు మార్చాలట. విని ఆమె ముఖం చిన్నబోయింది.

"తీసేయమన్నది మీటర్ లెక్క చూసి. మనిషిని చూడలేదు," అంటూ అతను ఆఫీసులోని పెద్దసారునే వెంటబెట్టుకొచ్చాడు.

అన్నాచెల్లెళ్ల మాటల్ని పెద్దసారు కాసేపు నిలబడి చూశాడు. "సరే, ఇక్కడే ఉండనీవయ్యా," అన్నాడు.

తెర మీద అన్నయ్య టెక్నీషియన్‌ను చూపిస్తూ గబగబా ఏదో అడిగాడు.

"ఏమంటున్నాడమ్మా?" అన్నాడు పెద్దసారు.

"థాంక్స్ చెబుతున్నాడండీ," అంది, బుగ్గలు కందిపోతుండగా.

టెక్నీషియన్ వచ్చీరాని చేతులతో నెమ్మదిగా జవాబిచ్చాడు. 'అవును, ఆ సిగ్నల్ అబ్బాయిని నేనే. మీ చెల్లెలు సరేనంటే పెళ్లి చేసుకుంటాను.'

ఆమె ఉలిక్కిపడింది. "మీకు... అర్థమైందా?"

"'రోజూ చెబుతావే, ఆ అబ్బాయి ఇతనేనా' అన్నదాకా అర్థమైంది. మిగతాది మీరే చెప్పాలి."

ఆమె అతని వైపు చూడకుండా, అన్నయ్య వైపు తిరిగి ఒక్క సైగ చేసింది.

అన్నయ్య రెండు చేతులూ పైకెత్తి వేళ్లు ఆడించాడు. సైగల భాషలో అవే చప్పట్లు. ఏమీ అర్థంకాని పెద్దసారు కూడా మర్యాదకు తన చేతులెత్తి ఆడించాడు.