తూర్పుకు పడిన నీడ

ఆ అమ్మాయి మెట్లెక్కి వచ్చేసరికి నిదానంగారు కిటికీ దగ్గర తీరిగ్గా గోళ్లు కత్తిరించుకుంటున్నారు. కొంపలంటుకుంటున్నా తొందరపడని డిటెక్టివ్ కాబట్టి ఆయనకా పేరు పడింది. అసలు పేరు ఆయన దగ్గర పదేళ్లుగా పనిచేస్తున్న టైపిస్టుకే సరిగ్గా గుర్తులేదు. ఆయన బుర్రంటే మాత్రం ఆవిడకు మహా గౌరవం.

అమ్మాయి కుర్చీ అంచున కూర్చుంది. వెనకే వచ్చిన మనిషి మాత్రం హాయిగా వెనక్కి వాలాడు.

"మా మరదలండీ. మా ఆఫీసే, మా ఇంట్లోనే ఉంటుంది. వద్దన్నా వినకుండా మీ దగ్గరికొచ్చింది. మీరైనా నచ్చచెప్పండి."

"ఏమని?" అన్నారు నిదానంగారు.

అమ్మాయి ముందుకు వంగింది. "కొండవాలు పేట మీద కొండచరియ విరిగిపడింది కదండీ, పదకొండు మంది పోయారు. అది నా వల్లేనంటున్నారు."

ఉపగ్రహం పంపే ఫొటోలు చూసి, నేల ఎక్కడ పగుళ్లిస్తోందో ముందే కనిపెట్టే కంప్యూటర్ మోడల్‌ను వాళ్ల కంపెనీ తయారుచేసి నడుపుతోంది. అది హెచ్చరిస్తేనే వాలు కింది ఊళ్లను ఖాళీ చేయిస్తారు. ఆ యంత్రానికి చదువు చెప్పేది మనుషులే. ఈ అమ్మాయి ఒక్కో ఫొటోలో పగుళ్ల మీద ఎర్రగీత గీస్తుంది. అందుకే ఆఫీసులో అందరూ గీతలమ్మాయి అంటారు. ఆ గీతలను తనిఖీ మేడం సరిచూస్తుంది. వాటితో మోడల్‌కు నేర్పేవాడు బావ. పేట కూలడానికి నలభై రోజుల ముందు తీసిన ఫొటో మీద, ఈ అమ్మాయి ఉద్యోగి నంబరు కింద, 'పగుళ్లు లేవు' అని ఉందట.

"నేను గీశానండీ! బడి వెనకాల, ఇంత పొడుగున. గీస్తుంటే భయమేసింది కూడా."

"గుర్తు వేరు, రికార్డు వేరు కదమ్మా," అన్నాడు బావ మెత్తగా. "రేపు విచారణ అధికారి ముందు పొరపాటైందని రాసిచ్చెయ్. చిన్నదానివి, మందలించి వదిలేస్తారు. మొండికేస్తే జైలు. వెనక నేను లేనూ?"

"చెయ్యని తప్పు నేను రాసివ్వను బావా."

నిదానంగారు గోళ్లకత్తెర మడిచి జేబులో పెట్టుకున్నారు. "నీ పాస్‌వర్డు ఎవరికి తెలుసమ్మా?"

"చేరినరోజు బావే పెట్టిచ్చాడు."

"ఆఫీసులో అందరికీ నేనే పెట్టిచ్చానండీ," అని నవ్వాడు బావ. ఆ నవ్వు టైపిస్టుకు నచ్చలేదు.

మర్నాడు పొద్దున్నే నిదానంగారు, టైపిస్టు ఆ ఆఫీసుకు వెళ్లారు. హాలు గోడ నిండా ఉపగ్రహం ఫొటోలే. నిదానంగారు సంతలో వంకాయలు ఏరుతున్నట్టు ఒక్కోదాన్నీ చూస్తూ గంట గడిపారు. టైపిస్టుకు కాళ్లు పీకాయి.

"ఇవి ఏ వేళ తీసినవి?" అని కంపెనీ యజమానిని అడిగారు.

"ఏడాది పొడుగునా పొద్దున పదిన్నరకే. ఆ ఉపగ్రహం మన మీదుగా వెళ్లేది అప్పుడేనండీ."

"పై అంచు ఉత్తరమేనా?"

"పటంలో పైన ఉత్తరం కాక ఇంకేముంటుంది?"

తనిఖీ మేడం విసుగ్గా ఉంది. "రోజుకు మూడొందల ఫొటోలు చూస్తాను. ఆ గీత ఉందో లేదో నాకెలా గుర్తుంటుంది?"

"పోనీ, ఫొటోను తిప్పి చూస్తారా ఎప్పుడైనా?"

"మేమెందుకు తిప్పుతాం? నేర్పేటప్పుడు గీతలమ్మాయి బావ తిప్పుతాడు. ఒకే ఫొటోను నాలుగు పక్కలకూ తిప్పితే మోడల్‌కు నాలుగు పాఠాలవుతాయి. ఆ కాపీలు ఆయన గదిలో, ఆయన మిషన్లోనే ఉంటాయి. మేం కంటితో కూడా చూడం."

మధ్యాహ్నం మూడింటికి విచారణ అధికారితో సహా అందరూ హాల్లో కూర్చున్నారు. గీతలమ్మాయి మీద కంపెనీ ఇచ్చిన సాక్ష్యం ఆ ఫొటో ఒక్కటే. నిదానంగారు దాన్ని గోడకు అంటించారు.

"పదిన్నరకు పొద్దు ఏ పక్కనుంటుంది?"

"తూర్పు పక్క," అన్నాడు అధికారి.

"మరి నీడలు?"

"పడమటికి."

"గోడ మీద ఫొటోలన్నిటిలో నీడలు ఎడమకు, అంటే పడమటికే పడ్డాయి. ఈ సాక్ష్యంలో బడి నీడ చూడండి."

నీడ కుడివైపుకుంది. టైపిస్టు నోరు తెరిచేసింది. పొద్దుట గంటసేపు తనూ చూసింది, కళ్లుండీ ఏం లాభం!

"పొద్దున పదిన్నరకు తూర్పుకు నీడ పడాలంటే సూర్యుడైనా దారి మార్చుకోవాలి, ఫొటోనైనా ఎవరో తిప్పాలి. 'పగుళ్లు లేవు' అన్న ముద్ర ఈ తిప్పిన కాపీ మీదే పడింది. ఈ పిల్లకు అలాంటి కాపీయే అందదు. అవి ఉండేది ఒక్క గదిలో. ఆ గది మనిషి తొందరలో గీత చెరిపి, ఈమె నంబరు తగిలించి రికార్డుల్లోకి తోశాడు. ఫొటోను మళ్లీ తిన్నగా తిప్పడం మాత్రం మరిచాడు."

అందరూ బావ వైపు చూశారు. అతను కుర్చీ అంచుకు జరిగాడు.

"మోతండీ," అన్నాడు. "మోడల్ రోజుకు నలభై హెచ్చరికలిచ్చేది. కొనేవాళ్ల ముందు ప్రదర్శన దగ్గరపడింది, మోత తగ్గించమన్నారు యజమానిగారు. గీతలు చెరిపేసి మళ్లీ నేర్పితే మోడల్ నోరు మూసుకుంది."

"నేను మోత తగ్గించమన్నాను, అబద్ధం నేర్పమన్నానా?" అని యజమాని అక్కడికక్కడే చేతులు దులుపుకున్నాడు.

"ఆ హెచ్చరికల్లో కొండవాలు పేట ఉందా?" అడిగారు నిదానంగారు.

"ఉంది." బావ తల దించుకున్నాడు. "మొదటి పేరే అది."

"నా నంబరే ఎందుకు బావా?" అంది గీతలమ్మాయి.

"ఇంట్లోదానివి కదా. అడిగితే కాదనవనుకున్నా."

అధికారి బావను తీసుకెళ్లాడు. అయిదు నిమిషాలకే, కబురు తెలిసిన అక్క గీతలమ్మాయికి ఫోను చేసింది. అవతలి గొంతు హాలంతా వినబడింది. "రాసిచ్చేస్తే పోయేది కదే! నీ పరువు కోసం నా కాపురం కూల్చావు. నీ సామాన్లు గుమ్మం బయట పడేశాను, వచ్చి ఏరుకో. నా గడప తొక్కావంటే ఊరుకోను."

ఆ పదకొండు మంది మాట అక్క నోట ఒక్కసారి కూడా రాలేదు. కేసు గెలిచిన నిదానంగారు ఓడిపోయిన మనిషిలా నిలబడ్డారు.

"ఎక్కడికెళ్తావమ్మా?"

గీతలమ్మాయి కళ్లు తుడుచుకుని తన మిషను ముందు కూర్చుంది. కొండవాలు పేట పాత ఫొటో తెరిచి, బడి వెనకాల మళ్లీ ఎర్రగీత గీసింది.

"ఇప్పుడెందుకే తల్లీ?" అంది టైపిస్టు ఆగలేక. "అక్కడింకేం మిగిలిందని?"

"బావ గీతలు చెరిపిన వాలులు ఇంకా రెండొందలున్నాయండీ. వాటి కింద జనం ఉన్నారు. అంతా బాగుందనే ఈ మోడల్ వాళ్లకు చెబుతోంది."

ఆమె రెండో ఫొటో తెరిచింది. టైపిస్టు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.