చేతివాటం తొడుగులు

ఆదివారం పొద్దున గాజువాక కాలనీలో మగవాళ్ళందరికీ పరాయి చేతులు మొలిచాయి. ఒకాయన వరండాలో పూతరేకులు చుడుతున్నాడు. ఇంకొకాయన భార్య జాకెట్టుకు కాజాలు కుడుతున్నాడు. జోగినాయుడు తన ఉదజని కారు ముందు గొంతుక్కూర్చుని, రేడియేటర్ కింది బిరడా విప్పి, పాత కూలెంట్‌ను బేసిన్‌లోకి వదులుతున్నాడు. వీళ్ళెవరికీ ఆ పనులు రావు. వాళ్ళ చేతులకున్న తొడుగులకు వచ్చు.

పనిమంతుడి చేతి కదలికలను ఒకసారి పట్టి ఉంచి, ఎవరు తొడుక్కుంటే వాళ్ళ చేత ఆ పని చేయించే ఈ సాధనానికి కంపెనీవాళ్ళు ‘చేతివాటం’ అని పేరు పెట్టారు. తెలుగులో ఆ మాటకు నేర్పుతో పాటు చిల్లర దొంగతనం అనే అర్థం కూడా ఉందని వాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు.

“కిందటి నెలే కదే మార్చినాం. కూలెంటంటే మజ్జిగనుకున్నావేటి, ఎప్పటికప్పుడు తాజాది పొయ్యడానికి?” అన్నాడు జోగినాయుడు.

“బండి ఏడెక్కిపోతందండి,” అంది భార్య హైమ, గుడ్డ పట్టుకుని అతని ఎడమపక్కన నిలబడి.

బండి వేడెక్కడం లేదని అతనికి తెలుసు. తొడుగులు మాత్రం తమ పని తాము చేసుకుపోయాయి. స్వేదనజలంతో లోపల కడిగి, బిరడా బిగించి, ఆకుపచ్చ కూలెంట్ పోశాయి. ఇంజన్ తిరుగుతుండగా, పసిబిడ్డకు తేన్పు తెప్పించినట్టు పై గొట్టాన్ని మెల్లగా నొక్కి గాలిబుడగలు పోగొట్టి, మూత పెట్టాయి. ఆ తరవాత ఎడమచెయ్యి పక్కకు చాచుకుని ఆగింది. ఎప్పుడూ అంతే. కదలికలు పట్టినప్పుడు దొర్లిన పొరపాటనుకుని జోగినాయుడు పట్టించుకునేవాడు కాదు.

ఈసారి హైమ ఆ అరచేతిలో గుడ్డ పెట్టింది. చేతులు రెండూ తుడుచుకున్నాయి. ఎడమచెయ్యి ఆమె గాజులను కాస్త పైకి జరిపి, ముంజేతిని పట్టుకుంది. హైమ కళ్ళు మూసుకుంది. జోగినాయుడు తనంతట తాను పట్టుకున్నప్పుడు ఆ ముఖం ఎన్నడూ అలా కాలేదు.

“ఎవులిదే ఈ చెయ్యి?”

“ఆయనదే.”

ఆయనంటే పైడిరాజు. హైమ మొదటి భర్త, పోయిన మెకానిక్కు. కంపెనీవాళ్ళు అతని షెడ్డులోనే ఈ కదలికలు పట్టారట. అప్పుడు కూడా పక్కన గుడ్డ పట్టుకుని నిలబడింది తనేనని చెప్పింది హైమ.

జోగినాయుడికి ఒళ్ళంతా కారం పూసినట్టయింది. పోయినవాడి మీద ఈర్ష్యపడడం ఎంత సిగ్గుచేటో తెలిసీ ఈర్ష్యపడ్డాడు. బతికున్నవాడైతే కాలర్ పట్టుకునేవాడు. వీడు తన చేతుల్లోనే దూరి కూర్చున్నాడు. చెయ్యి లాక్కోబోయాడు కానీ, కదలిక పూర్తయ్యేదాకా తొడుగు వదలదు.

“కంపెనీకి సెప్పి ఆ ముక్క తీయించేత్తాను.”

“తీయించండి,” అంది హైమ వెంటనే. అతను తెల్లబోయాడు. “ఊళ్ళో పెతి కారు దగ్గిరా ఆయన చెయ్యి సాపుతన్నాడు. నిన్న పక్కింటి సుభాషిణి, ‘గుడ్డందిత్తే మాయాయన ఎప్పుడూ లేంది నా చెయ్యట్టుకున్నాడు’ అని సెప్పి మురిసిపోనాది. దాని జుట్టట్టుకోవాలనిపించింది నాకు.”

జోగినాయుడి గుండెల్లో బరువు సగం దిగింది. అయితే ఇద్దరిదీ ఒకటే కుళ్ళన్నమాట.

“ఇప్పుడే సెప్తాను. అందరి తొడుగుల్లోంచీ తీసెయ్యమంతాను.”

“అందరియ్యీ తీసెయ్యమనండి,” అంది హైమ. “మన జతలో మాత్రం ఉండనివ్వమనండి.”

తొడుగు పట్టు అప్పటికే వదిలేసింది. ఆమె చెయ్యి మాత్రం ఇంకా అతని చేతిలోనే ఉంది.